పాజిటివ్ కోడలు

మా అత్తవారింట్లో ఇద్దరు కోడళ్లం. నేను నెగెటివ్, నా తోడికోడలు పాజిటివ్. ఇది ఎవరో చమత్కారానికి అన్న మాట కాదు, మా అత్తయ్య వచ్చిన చుట్టాలకి మమ్మల్ని చూపించే పద్ధతి. "ఇది పెద్దది, నెగిటివు. అది సిన్నది, పాజిటివు" అనేది, బియ్యం రకాలు చెప్పినంత తేలిగ్గా. నవ్వే చుట్టాలు నవ్వేవారు. నేను మంచినీళ్లు ఇచ్చి లోపలికి పోయేదాన్ని.

రాయగడలో మాది చింతపండు, అల్లం, పసుపు టోకు వ్యాపారం. ముందు కొట్టు, వెనక ఇల్లు. మామగారి తండ్రి కాలంలో బొబ్బిలి వైపు నించి వచ్చిన కుటుంబం. ఇన్నేళ్లయినా అత్తయ్యది సంత ఒడియాయే. చింతపండులో గింజ ఎంత, తేమ ఎంత అని కొండవాళ్లతో గంటసేపు బేరమాడగలదు. ఆ హద్దు దాటితే తల ఊపడమే. నేను మాచ్‌ఖండ్ కాలనీలో పెరిగాను. మా నాన్న అక్కడ స్టోర్సులో గుమస్తా, నన్ను ఒడియా బడిలో చదివించాడు. అందుకని ఇంటికి ఒడియా కాగితం ఏది వచ్చినా, కరెంటు బిల్లు కానీ మునిసిపాలిటీ నోటీసు కానీ, చదివి చెప్పే పని నాది. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నాకు తెలీదని తప్పించుకోడానికి వీల్లేకుండా.

నా రక్తం ఓ నెగెటివ్. మొదటి కాన్పులో ఆడపిల్ల, బాగానే పుట్టింది, ఇప్పుడు కాలేజీలో ఉంది. ఆ కాన్పయిన మూడు రోజుల్లోగా నాకొక ఇంజెక్షను పడాలనీ, లేకపోతే తర్వాతి బిడ్డకి ముప్పనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ రోజు ఊళ్లో దొరకలేదు, విజయనగరం నించి తేవాలి. మా ఆయన లోడు దింపించి వెళ్దామనుకున్నారు. లోడు దిగింది, మూడు రోజులూ అయిపోయాయి. రెండోసారి బిడ్డ ఏడో నెలలో కడుపులోనే నీరు పట్టి పోయింది.

అప్పుడు మా ఇల్లు నేర్చుకున్న వైద్యం మొత్తం ఒక్క మాట, నెగెటివ్. ఇంజెక్షను ఎందుకు పడలేదని ఎవరూ ఎవర్నీ అడగలేదు. "దాని రక్తమే అంత" అంది అత్తయ్య. లారీ తప్పు కాదు, లోడు తప్పు కాదు, మనుషుల తప్పు అసలే కాదు. నా రక్తం తప్పు. మళ్లీ కంటే ప్రమాదమని డాక్టరమ్మ భయపెట్టింది, నేను సరే అనుకున్నాను. నా కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. మూడు పూటలా వంట చేస్తూ, దాన్నీ సన్న సెగ మీద ఉంచుకునేదాన్ని.

మా మరిదికి పార్వతీపురం సంబంధం చేశారు. ఆ పిల్లకి ఇరవై ఒకటి, ఇంటర్ చదివింది, తెలుగు మీడియం. ఒడియా ఒక్క అక్షరం రాదు. వచ్చిన రోజు నించి అక్కా అక్కా అని నా కొంగు పట్టుకుని తిరిగింది. పులుసులో ఉప్పు నన్నడిగేది, దుకాణంలో రవికె రంగు నన్నడిగేది, మొగుడు మాట్లాడకపోతే ఎందుకని అదీ నన్నే అడిగేది. నాకు ఆ పిల్లంటే ఇష్టంగానే ఉండేది. ఇష్టం లేకపోయుంటే ఈ కథ రాయడం సులువయ్యేది.

మరిది సరుకు కొనడానికి తిరిగేవాడు. కొల్నార సంత రోజు పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేసేవాడు. దామంజోడి వైపు పోతే మాత్రం వారానికి రెండు రాత్రుళ్లు అక్కడే. ఎక్కడ పడుకుంటాడు, ఎవరింట్లో తింటాడు అని పెళ్లికి ముందూ అడగలేదు, తర్వాతా అడగలేదు. మగవాడు సరుకు తెస్తున్నాడా లేదా, అంతవరకే మా ఇంట్లో లెక్క.

ఆ పిల్లకి నాలుగో నెల వచ్చింది. మా వార్డు అంగన్‌వాడీలో నెలకోసారి గర్భిణులకి పరీక్షలు చేస్తారు. నేనే తీసుకెళ్లాను. వేలు పొడిచారు, గొట్టంలోకి కొంచెం రక్తం తీశారు, బరువు చూశారు. పిల్ల సూది చూసి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కార్డు రెండు రోజుల్లో ఇంటికి పంపుతామన్నారు.

రెండు రోజులకి మా వార్డు ఆరోగ్య కార్యకర్త ఆశా దీదీ కార్డు పట్టుకుని వచ్చింది. పొద్దున పదకొండు గంటల వేళ. కొట్టు ముందు కళాసీలు చింతపండు బస్తాలు దింపుతున్నారు, మామగారు తూకం దగ్గర ఉన్నారు, మా ఆయన ఫోన్లో ఉన్నారు. ఇంతమంది మగాళ్లని దాటి లోపలికి రావాలి ఆవిడ. వంటింటి పక్క నడవలో అత్తయ్య ఎదురైంది. దీదీ గొంతు తగ్గించి, "మావుసీ, బొహూర రక్త పాజిటివ్ ఆసిఛి" అంది. పిన్నీ, కోడలి రక్తం పాజిటివ్ వచ్చింది, అని. మొగుడూ పెళ్లాం ఇద్దర్నీ రేపు పెద్దాసుపత్రికి తీసుకురమ్మని కూడా అంది. దేనికి పాజిటివో ఆ నడవలో చెప్పలేకపోయింది. ఆ జబ్బు పేరు పదిమందిలో ఎత్తకూడదని వాళ్లకి గట్టిగా చెప్పి పంపుతారట. మంచి నియమమే. మంచి నియమాలు మా ఇంటి నడవదాకా వచ్చి ఇలా అయిపోతాయి.

అత్తయ్యకి ఆ వాక్యంలో రెండే మాటలు అందాయి, రక్తం, పాజిటివ్. పదేళ్లుగా ఆవిడ ఎదురు చూస్తున్న మాటలు. ముఖం చేటంత చేసుకుని వంటింట్లోకి వచ్చింది. "అమ్మీ, సిన్నదానిది పాజిటివంట. బతికిపోయాం. మన ఇంట్లో ఒక్క నెగిటివు సాలు" అంది. పిల్ల అక్కడే పీట మీద కూర్చుని వంకాయలు కోస్తోంది. నా వైపు చూసి సిగ్గుగా నవ్వింది, తనకేదో బహుమతి వచ్చినట్టు, నాకు రానందుకు బాధ పడుతున్నట్టు.

అత్తయ్య కార్డు నా చేతికిచ్చి చదవమంది.

కార్డు ఒడియాలో అచ్చయింది, పరీక్షల పేర్లూ ఫలితాలూ మాత్రం ఇంగ్లీషులో చేత్తో రాసి ఉన్నాయి. మొదటి గీతలో రక్తం గ్రూపు, బి పాజిటివ్. ఆ ముక్క కూడా నిజమే, అదే నా ఖర్మ. కింద హిమోగ్లోబిను. కింద హెచ్.ఐ.వి., దాని ఎదురుగా నెగెటివ్. దాని కింద వి.డి.ఆర్.ఎల్., ఎదురుగా రియాక్టివ్ అని రాసి ఎర్ర సిరాతో చుట్టూ గీత గీశారు. రియాక్టివ్ అన్నా పాజిటివ్ అన్నా ఒకటే.

అదేమిటో నాకు తెలుసు. నేను కడుపుతో ఉన్నప్పుడు మాచ్‌ఖండ్ కాలనీ ఆసుపత్రిలో ఒక ముసలి నర్సమ్మ రక్తం తీస్తూ ఒక్కొక్క పరీక్షా వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. వి.డి.ఆర్.ఎల్. అంటే సుఖవ్యాధికి అంది. తల్లికి పైకి ఏమీ కనపడదనీ, బిడ్డకి మాత్రం కడుపులోనే అంటుతుందనీ, ముందే తెలిస్తే పెన్సిలిన్ ఇంజెక్షనుతో పోతుందనీ చెప్పింది. మొగుడికీ పొడవాలి, లేకపోతే మళ్లీ అంటిస్తాడు అని నవ్వింది కూడా. సుఖవ్యాధి అన్న పేరు ఏ మగవాడు పెట్టాడో. సుఖం ఒకరిది, వ్యాధి ఇంకొకరిది, మూడోవాళ్లు ఇంకా పుట్టనైనా లేదు.

"ఏటి రాసున్నాది? పాజిటివే కదా?" అని అత్తయ్య మళ్లీ అడిగింది.

"అవును, బి పాజిటివ్" అన్నాను.

అబద్ధం ఆడలేదు. మొదటి గీత చదివాను, నాలుగో గీత చదవలేదు, అంతే. ఎందుకు చదవలేదంటే నాకు రెండు జవాబులున్నాయి. మొదటిది నేను చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నది. నెగెటివ్ కోడలు నోరు తెరిచి చిన్నకోడలి రక్తంలో జబ్బుందంటే కుళ్లుబోతుతనమనేవారు, మరిది మీద నింద వేశానని ఇల్లంతా నా మీద పడేది. ఇందులో నిజం ఉంది. రెండో జవాబు పొట్టిది. ఆ క్షణాన నాకు ఒళ్లు మండింది. ఒక్క నెగెటివు సాలు అని నా మొహం మీదే అన్న మనిషి, తన పాజిటివ్‌ని తనే అనుభవించనీ అనుకున్నాను. రేపు ఎలాగూ ఆసుపత్రికి పోతారు, అక్కడ వాళ్లే చెప్తారు, నా నోటి నించి ఎందుకు రావాలి అనుకున్నాను. పిల్ల కడుపులో ఉన్నది ఆ లెక్కలోకి రాలేదు.

కార్డు మడిచి ఇచ్చేశాను. అత్తయ్య దానికి పసుపు రాసి దేవుడి అరలో పెట్టింది. సాయంత్రం మిఠాయి కొట్టు నించి ఛెనాపోడ తెప్పించి, ఇటు నాలుగిళ్లకీ అటు నాలుగిళ్లకీ పంచింది. నాకూ ఒక ముక్క పెట్టింది. తిన్నాను.

మర్నాడు ఆసుపత్రికి ఎవరూ పోలేదు. పాజిటివ్ అని తెలిశాక మళ్లీ పెద్దాసుపత్రి దేనికి అంది అత్తయ్య. నేను రేపు చెబుదామనుకున్నాను. రేపు అమావాస్య వచ్చింది, ఎల్లుండి మరిది దామంజోడి పోయాడు, ఆ పై వారం మా అమ్మాయికి జ్వరం. చెప్పని మాట రోజురోజుకీ బరువెక్కుతుంది. మొదటి రోజు చెప్పుంటే కబురు, పదో రోజు చెప్తే నేరం. ఇన్నాళ్లూ ఎందుకు దాచావని ముందు అడిగేది నన్నే కదా.

ఐదో నెలలో ఆశా దీదీ మళ్లీ వచ్చింది, ఎందుకు రాలేదని. అత్తయ్య టీ ఇచ్చి, తన సంత ఒడియాలో "పాజిటివ్ ఆసిలా, భల హెలా" అంది. పాజిటివ్ వచ్చింది, బాగయింది అని. ఆవిడ తెల్లబోయి నా వైపు చూసింది. నేను పొయ్యి వైపు చూశాను. పెద్దింటివాళ్లు, గుట్టుగా ప్రైవేటులో వైద్యం చేయించుకుని ఉంటారు, బాగయిందంటున్నారు కదా అనుకుందట. ఆవిడే తర్వాత నాతో చెప్పింది. ఆవిడ మర్యాద ఆవిడది, మా పరువు మాది. రెండూ కలిసి పిల్లని మధ్యలో వదిలేశాయి.

ఏడో నెలలో సీమంతం చేసి పిల్లని పుట్టింటికి పంపాం. తొలి కాన్పు పుట్టింట్లోనే కదా. పార్వతీపురం రైలుకి నేనే సంచీలు సర్దాను. కార్డు కూడా నేనే పెట్టాను, చీరల మధ్య. అక్కడి డాక్టరు చూస్తారులే, అక్కడ తెలుగులో చెప్తారులే అనుకుని కొంచెం తేలిక పడ్డాను. నా బరువు సంచీలో సర్ది వాళ్లమ్మకి పంపించాను.

వాళ్లమ్మ వెంటనే డాక్టరుకి చూపించలేదు. ఒడియా కార్డు ఇక్కడ పనికిరాదని ఎవరో అన్నారట, కొత్త కార్డు రాయించడానికి మూడు వారాలు పట్టింది. ఎనిమిదో నెల మధ్యలో అక్కడి డాక్టరమ్మ పాత కార్డు అడిగి చూసి, ఎర్ర సిరా గీతని చూసి, మళ్లీ రక్తం తీయించింది. అదే వచ్చింది. అదే రోజు ఇంజెక్షను పొడిచారు.

ఆ సాయంత్రం వియ్యపురాలు ఫోన్ చేసింది. అత్తయ్యకి ఫోను చెవికి పెట్టుకునే అలవాటు లేదు, ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడుతుంది. "వదినా, మా పిల్లకి సవాయి రోగమంట. నాలుగో నెల్లోనే మీ కార్డులో రాసున్నాదంట. ఇన్నాళ్లూ మందెందుకు ఇప్పించలేదని డాక్టరమ్మ మమ్మల్ని తిడతన్నాది. ఏటి సెప్పమంటావు?"

నాలుగు నెలలు పాజిటివ్ అన్న మాటని ఛెనాపోడలా తిన్న మనిషికి, దాని అసలు పేరు తెలుగులో వినపడింది. సవాయి అంటే ఆవిడకి తెలుసు. ఆ తరం వాళ్లందరికీ తెలుసు. ఆవిడ మొట్టమొదట అన్న మాట, ఆ పిల్ల పుట్టింటి నించే తెచ్చుకున్నాది అని.

అప్పుడు నోరు తెరిచాను. మరిది అక్కడే ఉన్నాడు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ రావాలని ఆశా దీదీ మొదటి రోజే చెప్పిందనీ, ఇద్దరికీ సూది పడకపోతే లాభం లేదనీ, ముందు మరిది రక్తం పరీక్ష చేయించాలనీ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. మరిది చెప్పులు తొడుక్కుని బయటికి పోయాడు. అత్తయ్య నన్నే చూస్తూ, "ఇదంతా నీకు ఎప్పుడు తెలిసినాది?" అంది.

ఆవిడ జీవితంలో వేసిన సరైన ప్రశ్న అదొక్కటే. నేను పొయ్యి మీద పాలు పొంగుతాయని లోపలికి పోయాను.

ఇంజెక్షను పడిన పదకొండో రోజున పిల్లకి నొప్పులొచ్చాయి. కాన్పుకి కనీసం నెల ముందు పడితేనే బిడ్డకి రక్షణట. ఆడపిల్ల పుట్టింది, నెలలు నిండకుండా. విజయనగరం పెద్దాసుపత్రిలో పసిపిల్లల వార్డులో పెట్టారు. నేను వెళ్లాను. అద్దం అవతల చూపించారు. పొట్ట ఉబ్బి ఉంది, ముక్కు పట్టేసి ఊపిరి గురగురమంటోంది. అరచేతులూ అరికాళ్లూ పొట్టు లేచిపోతున్నాయి. రోజూ సూదులు వేస్తున్నారు, అదే పెన్సిలిన్. మా తాతల నాటి మందు. నాలుగో నెలలో తల్లికి పడుంటే ఆ బిడ్డ చేతికి ఈ పొట్టు లేచేది కాదు. పరీక్ష తప్పు చెప్పలేదు. రెండు రోజుల్లో నిజం చెప్పింది, ఎర్ర సిరాతో చెప్పింది. దానికి, ఆ బిడ్డకి మధ్యలో మేము ఉన్నాం.

తొమ్మిదో రోజున బిడ్డ పోయింది.

మరిది ఆ మధ్య ఒక రోజు సరుకు పని మీదని ఎటో పోయి వచ్చాడు. తర్వాత రెండు రోజులు గల్లాపెట్టె దగ్గర ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాడు. ఆ ఇంజెక్షను తుంటికి పొడిస్తే అలాగే ఉంటుంది, రాయి కట్టినట్టు. ఎవరూ ఏమీ అడగలేదు. అత్తయ్య అతనికి మెత్తటి దిండు తెచ్చి వేసింది. కూతురు పోయినందుకు కాదు, నడుం పట్టిందేమోనని. ఆ దిండు చూసినప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. నా కోపానికి ఏం హక్కుందని ఎవరైనా అడిగితే మాత్రం చెప్పలేను.

నెల దాటాక పిల్లని చూడ్డానికి పార్వతీపురం వెళ్లాను. మధ్యాహ్నం, వాళ్లమ్మ వంటింట్లో ఉంది. ఆవిడ నాతో మర్యాదగానే మాట్లాడింది, మా ఇంట్లో నేనొక్కదాన్నే మనిషినన్నట్టు. అది భరించడం ఇంకా కష్టం. పిల్ల మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది. పాలు రాకుండా మందులిచ్చారట, అయినా రవికె తడుస్తోంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోవాలని కాదు, మోయలేక చెప్పబోయాను. ఆ కార్డు ఆ రోజే నేను చూశానమ్మీ, కింద రాసింది కూడా చదివాను, అన్నాను.

ఆ పిల్ల తల ఊపింది. "తెలుసక్కా. నీ వేలు ఆ ఎర్రగీత కాడ ఆగినాది, నేను సూసేను. అదేటని అడుగుదామనుకున్నాను. బిడ్డకి సెడ్డదైతే అక్క సెప్పకుండా ఉంటదా అని ఊరుకున్నాను."

అందులో నిష్ఠూరం లేదు. చీర చెంగుతో రవికె ఒత్తుకుంటూ, అన్నం తిన్నావా అని నన్ను అడిగింది.